హెడ్మాస్టర్ గది నుంచి పిల్లల నోటు పుస్తకం దాకా

ఒకే పాఠ్యపుస్తకం, ఒకే జీతాలు, ఇంచుమించు ఒకే రకమైన కుటుంబాల నుంచి వచ్చే పిల్లలు. అయినా ఒక బడిలో ఐదో తరగతి పిల్లలు తడబడకుండా చదువుతారు. ఇంకో బడిలో అదే తరగతి పిల్లలు చాలామంది రెండో తరగతి వాచకం దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే అందరి చూపూ ముందుగా ఉపాధ్యాయుల మీదకే పోతుంది. అది సబబే, పిల్లల ఎదుట నిలబడి పాఠం చెప్పేది వాళ్ళే కదా. కానీ ఏ ఉపాధ్యాయుడు ఏ తరగతికి వెళ్ళాలి, పాఠం సాగనప్పుడు ఎవరిని సలహా అడగాలి, ఒక పిల్లవాడు వెనకబడ్డాడన్న సంగతి ఎంత త్వరగా బయటపడుతుంది, బయటపడ్డాక ఎవరైనా ఏమైనా చేస్తారా లేదా అన్నవి తరగతి గదిలో తేలే విషయాలు కావు. అవి తేలేది ప్రధానోపాధ్యాయుల దగ్గర. బడిలో చాలామంది పిల్లలకు వారు ఒక్క పాఠమైనా చెప్పి ఉండకపోవచ్చు. అయినా ఆ పిల్లల చదువు ఎలా సాగుతుందన్నది వారి నిర్ణయాల మీద ఆధారపడే ఉంటుంది.

పరిశోధకులు ఈ మాట ఒప్పుకోవడానికి చాలా కాలమే పట్టింది. 1966లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం పెద్ద నివేదిక ఒకటి వెలువరించింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాలను ఎక్కువగా వివరించేది కుటుంబ నేపథ్యమేనని, బడుల మధ్య వనరుల తేడాలు అందులో కొద్ది భాగాన్నే వివరిస్తాయని దాని సారాంశం. బడి ఏం చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదని చాలామంది దాన్ని అర్థం చేసుకున్నారు. ఆ నిరాశను విద్యా పరిశోధకుడు రొనాల్డ్ ఎడ్మండ్స్ లాంటి వారు ఒప్పుకోలేదు. పేద పిల్లలు చక్కగా చదువుతున్న బడులు అసలు లేనే లేవా, ఉంటే అక్కడ ఏం జరుగుతోంది అని వాళ్ళు వెతికారు. అలాంటి బడుల్లో కనిపించిన ఉమ్మడి లక్షణాలను 1979లో ఎడ్మండ్స్ వివరించినప్పుడు, గట్టి నాయకత్వం వాటిలో ముందు వరసలో నిలిచింది. ప్రతి పిల్లవాడూ నేర్చుకోగలడన్న నమ్మకం, క్రమశిక్షణ గల వాతావరణం, పిల్లల ప్రగతిని తరచుగా చూసుకోవడం వంటివి దాని పక్కన చేరాయి.

ఆ తొలి అధ్యయనాల్లో ఒక బలహీనత ఉంది. నెగ్గిన బడులను ఏరి, వాటిలో ఉన్నవన్నీ గెలుపుకు కారణాలని చెప్పడం తేలిక. అవే లక్షణాలు ఉండి కూడా ఓడిపోయిన బడుల సంగతి అందులో కనబడదు. ఈ లోటును పూడ్చే పని తరవాతి రెండు దశాబ్దాల్లో జరిగింది. 1980 నుంచి 1995 దాకా వచ్చిన అధ్యయనాలను ఫిలిప్ హాలింజర్, రొనాల్డ్ హెక్ కలిసి జల్లెడ పట్టి తేల్చిన విషయం ఈ రంగం తీరునే మార్చేసింది. ప్రధానోపాధ్యాయుల ప్రభావం పిల్లల మీద నేరుగా పడేది చాలా తక్కువ. అది ఉపాధ్యాయుల ద్వారా, బడి లక్ష్యాల ద్వారా, బడిలోని వాతావరణం ద్వారా పిల్లలకు చేరుతుంది. చిన్నదే అయినా లెక్కలోకి తీసుకోదగిన ప్రభావం అది.

2004లో కెనడాకు చెందిన కెన్నెత్ లీత్‌వుడ్, ఆయన సహచరులు మరో అడుగు ముందుకు వేశారు. పిల్లల చదువును ప్రభావితం చేసే అంశాల్లో, బడి గోడల లోపలి వాటి వరకూ చూస్తే, తరగతి బోధన తరవాతి స్థానం నాయకత్వానిదే అని వారు చెప్పారు. ఈ వాక్యాన్ని ఉపన్యాసాల్లో తరచుగా వాడుతుంటారు కానీ, "బడి గోడల లోపలి వాటి వరకూ" అన్న షరతును మాత్రం ఎక్కువమంది వదిలేస్తారు. పేదరికం, ఆకలి, ఇంట్లో చదువుకోవడానికి చోటు లేకపోవడం వంటివాటిని ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒంటి చేత్తో తుడిచేయలేడు. ఆ షరతు పక్కన పెడితే ఒక నిజం కాస్తా అన్యాయమైన ఆరోపణగా మారిపోతుంది. అదే నివేదికలో మరో మాట కూడా ఉంది. దిగజారిన బడి ఏదైనా సమర్థ నాయకత్వం లేకుండా తిరిగి లేచి నిలబడిన దాఖలాలు దాదాపు లేవు. అంటే నాయకత్వం విలువ ఎక్కువగా తెలిసేది అవసరం ఎక్కువగా ఉన్న చోటనే.

మరి ఆ ప్రభావం ఎంత? 2021లో జేసన్ గ్రిసమ్, అనా ఎగలైట్, కాన్‌స్టన్స్ లిండ్సే రెండు దశాబ్దాల అమెరికా పరిశోధనలను కలిపి చూసి ఒక అంచనా ఇచ్చారు. వంద మంది ప్రధానోపాధ్యాయులను సమర్థత ప్రకారం వరసగా నిలబెట్టామనుకుందాం. కింది నుంచి 25వ స్థానంలో ఉన్నవారి బదులు 75వ స్థానంలో ఉన్నవారు ఒక బడికి వస్తే, ఒక్క ఏడాదిలో పిల్లలు గణితంలో సుమారు 2.9 నెలల చదువుకు, చదవడంలో సుమారు 2.7 నెలల చదువుకు సమానమైన అదనపు ప్రగతి సాధిస్తారని ఆ అంచనా. మంచి ఉపాధ్యాయుడి వల్ల ఒక పిల్లవాడికి కలిగే మేలు ఇంతకంటే కొంచెం ఎక్కువే. అయితే ఆ మేలు అందేది ఆ ఉపాధ్యాయుడి తరగతిలోని పాతిక ముప్పై మందికి. ప్రధానోపాధ్యాయుల వల్ల కలిగేది బడి మొత్తానికి, వందలాది పిల్లలకు అందుతుంది.

ఈ అంకెలను రాతిలో చెక్కిన అక్షరాలుగా తీసుకోకూడదు. ప్రధానోపాధ్యాయులు మారిన ఏడాదే ఉపాధ్యాయులూ మారవచ్చు, పిల్లల చేరికలు మారవచ్చు, పరీక్ష తీరే మారవచ్చు. వీటన్నింటిలోంచి ఒక్క మనిషి వాటాను వేరు చేయడం చాలా కష్టం. ఈ అంచనాలు అసలు కంటే పెద్దవిగా వస్తున్నాయని వాదించే ఆర్థికవేత్తలూ ఉన్నారు, వారి వాదనలో బలం ఉంది. అలాగని ప్రభావమే లేదనడం కుదరదు. ఎంత అన్న చర్చ ఇంకా సాగనివ్వవచ్చు. ఎలా అన్నది మాత్రం బడికి ఇప్పుడే అవసరం.

దీనికి ఇంతవరకూ దొరికిన జవాబుల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది న్యూజిలాండ్ నుంచి వచ్చింది. వివియన్ రాబిన్సన్, క్లెయిర్ లాయిడ్, కెన్నెత్ రో 2008లో వివిధ అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. బోధన మీద దృష్టి పెట్టే నాయకత్వం పిల్లల ఫలితాల మీద చూపే ప్రభావం, కేవలం స్ఫూర్తినిచ్చే నాయకత్వం చూపేదానికంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఆ తరవాత నాయకులు చేసే పనులను ఐదు రకాలుగా విడదీసి దేని బలం ఎంతో అంకెల్లో చూశారు; అంకె ఎంత పెద్దదైతే పిల్లల ఫలితాల మీద ప్రభావం అంత ఎక్కువ. క్రమశిక్షణ గల వాతావరణం కల్పించడానికి 0.27, వనరులను ఆలోచించి వాడుకోవడానికి 0.31, స్పష్టమైన లక్ష్యాలు పెట్టడానికి 0.42, బోధనను ప్రణాళికాబద్ధంగా నడిపి సమీక్షించడానికి 0.42 వచ్చాయి. వీటన్నింటినీ దాటేసింది ఒకే ఒక్క అంశం. ఉపాధ్యాయులు నేర్చుకునే కార్యక్రమాలను ప్రోత్సహించడమే కాకుండా తామూ వారి మధ్య కూర్చుని నేర్చుకోవడానికి వచ్చిన విలువ 0.84. ఈ లెక్కకు ఆధారమైన అధ్యయనాలు కొద్దివే కాబట్టి దశాంశ స్థానాల దగ్గర పట్టుదల అక్కరలేదు. కానీ ఆ వరస చెప్పే విషయం బడి అనుభవానికి సరిగ్గా సరిపోతుంది.

"కూర్చుని నేర్చుకోవడం" అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించి, నాలుగు మాటలు చెప్పి, పని ఉందంటూ వెళ్ళిపోవడం కాదు. ఒక బడిలో మూడో తరగతి పిల్లలకు 52లోంచి 27 తీసివేయమని లెక్క ఇచ్చారనుకుందాం. ముప్పై మందిలో పద్నాలుగు మందికి తప్పు వచ్చింది. ఉపాధ్యాయురాలు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, మార్కులు వేసి, "అజాగ్రత్త" అని రాసి పుస్తకాలు తిరిగి ఇచ్చేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. మామూలుగా చాలా చోట్ల జరిగేది ఇదే. ప్రధానోపాధ్యాయురాలు ఆ నోటు పుస్తకాలను తెప్పించుకుని, మధ్యాహ్నం నలుగురు ఉపాధ్యాయులతో బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు మాత్రం వేరే ప్రశ్న పుడుతుంది. తప్పు చేసినవాళ్ళు ఏ జవాబు రాశారు? చూస్తే పద్నాలుగు మందిలో పదకొండు మంది 35 అనే రాశారు. అజాగ్రత్త వల్ల పదకొండు మందికి ఒకే తప్పు జవాబు రాదు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు. పిల్లలు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు. "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని ఒకటో తరగతిలో విన్న మాటను వాళ్ళు పొల్లుపోకుండా పాటించారు.

ఇక చర్చ ఎర్ర గీతల మీద ఉండదు. ఒకటో తరగతి ఉపాధ్యాయుడు తాను ఆ మాటను ఎలా చెబుతున్నాడో చెబుతాడు. రెండో తరగతి ఉపాధ్యాయురాలు పదుల కట్టలు, విడి పుల్లలతో 52ను నాలుగు పదులు, పన్నెండు ఒకట్లుగా విప్పి చూపించిన పద్ధతిని గుర్తు చేస్తుంది. వచ్చే వారం అలాగే చెప్పి, శుక్రవారం 64లోంచి 38 తీసివేయమని ఇద్దామని ఒప్పందం కుదురుతుంది. ఇంకా ఎంతమంది 34 అని రాస్తారో, ఎంతమంది 26కు చేరతారో అప్పుడు తెలుస్తుంది. ఇక్కడ ప్రధానోపాధ్యాయురాలు చేసిన పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. పుస్తకాలు తెప్పించింది, సమయం కేటాయించింది, ఒక ప్రశ్న అడిగింది, శుక్రవారం మళ్ళీ అడుగుతానని చెప్పింది. గణితంలో ఆమె నిపుణురాలు కానక్కరలేదు. కానీ నలుగురు ఉపాధ్యాయులు విడివిడిగా ఏళ్ల తరబడి చూడలేకపోయిన విషయం ఆ గంటలో బయటపడింది. పిల్లల చదువు మెరుగుపడే దారి ఇదే. మూడు తరగతుల బోధన ఒకేసారి కొంచెం చక్కబడింది కాబట్టి, ఇప్పటి పిల్లలకే కాక వచ్చే ఏడాది రాబోయే పిల్లలకూ ఆ మేలు అందుతుంది.

మరి ఇలాంటి గంటలు ఎన్ని దొరుకుతున్నాయి? అమెరికాలోని మయామీ-డేడ్ జిల్లాలో పరిశోధకులు సుమారు వంద మంది ప్రధానోపాధ్యాయుల వెంట రోజంతా ఉండి, ఏ నిమిషం ఏం చేస్తున్నారో రాసుకున్నారు. జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెంజమిన్ మాస్టర్ 2013లో ప్రచురించిన ఆ లెక్కల ప్రకారం బోధనకు సంబంధించిన పనులన్నిటికీ కలిపి దక్కింది 12.7 శాతం సమయమే. మిగిలినదంతా కాగితాలకు, ఫోన్లకు, భవనానికి, క్రమశిక్షణ గొడవలకు, పైవారి సమాచార కోరికలకు పోయింది. ఒక దేశపు, ఒక జిల్లా లెక్క ఇది. అయినా ప్రపంచంలో ఎక్కడ ఈ పని చేసినవారైనా దీన్ని చదివి ఆశ్చర్యపోతారని అనుకోను.

అసలు ఆశ్చర్యం ఆ అధ్యయనంలో వేరే చోట ఉంది. బోధన కోసం వెచ్చించిన ఆ కొద్ది సమయంలో పెద్ద వాటా తరగతుల వెంట తిరిగి కొద్ది నిమిషాలు తొంగి చూసి రావడానికే పోయింది. అలా తిరగడం వల్ల పిల్లల ప్రగతి పెరిగిన జాడ లేదు సరికదా, హైస్కూళ్ళలో అది ఎక్కువగా ఉన్న చోట ప్రగతి తక్కువగా కనిపించింది. ఉపాధ్యాయులతో కూర్చుని వారి బోధన గురించి మాట్లాడటం, దాన్ని నిజాయితీగా అంచనా వేయడం, బడి బోధనా కార్యక్రమాన్ని తీర్చిదిద్దడం వంటివాటికి వెచ్చించిన సమయం మాత్రం మంచి ఫలితాలతో ముడిపడింది. తేడా ఎక్కడుందో కూడా అదే అధ్యయనం సూచించింది. తరగతికి వెళ్ళి చూడటాన్ని ఉపాధ్యాయుడికి సాయం చేసే సాధనంగా వాడిన చోట నష్టం తగ్గింది.

వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని నడిచే హెడ్మాస్టర్ దృశ్యానికి మనం చాలా గౌరవం ఇస్తాం. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు, ఉపాధ్యాయులు కుర్చీలోంచి లేచి నిలబడతారు, బడి క్రమశిక్షణగా ఉందనిపిస్తుంది. కానీ ఆ రెండు నిమిషాల్లో హెడ్మాస్టర్‌కు తెలిసేది తరగతి నిశ్శబ్దంగా ఉందనే తప్ప పిల్లలు నేర్చుకుంటున్నారో లేదో కాదు. అదే ఒక మూలన ఇరవై నిమిషాలు కూర్చుని ఒక్క విషయాన్నే గమనిస్తే ఎంతో దొరుకుతుంది. ఉదాహరణకు, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయుడు జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నాడు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే ఈ సంగతి కొలిచింది. చాలామంది ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా సరిగా ఆగడం లేదని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని, మౌనంగా ఉండిపోయేవారు తగ్గుతున్నారని ఆమె చూపింది. పాఠం అయ్యాక "బాగా చెప్పారు" అనడం మర్యాద. "మీరు పన్నెండు ప్రశ్నలు అడిగారు, తొమ్మిదింటికి ముందు బెంచీల్లోని ముగ్గురే జవాబు చెప్పారు, మిగతావాళ్ళు నోరు తెరిచేలోపే మీరు తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు" అని చెప్పడం సాయం. ఈ రెండో మాట చెప్పాలంటే కూర్చోవాలి, రాసుకోవాలి, ఆ తరవాత ఉపాధ్యాయుడితో విడిగా పది నిమిషాలు మాట్లాడాలి, రెండు వారాలకు మళ్ళీ వెళ్ళి చూడాలి.

అలాగని కార్యాలయపు పనిని చిన్నచూపు చూడటమూ తప్పే. 2019లో డేవిడ్ లైబొవిట్జ్, లోర్నా పోర్టర్ 51 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బోధన మీద శ్రద్ధతో పాటు బడిని సక్రమంగా నడిపే నిర్వహణ పనులకూ, బడిలోపలి సంబంధాలకూ పిల్లల ఫలితాలతో సంబంధం కనబడింది. పుస్తకాలు జూన్‌లో రావాల్సినవి సెప్టెంబరులో వస్తే ఎంత గొప్ప బోధనా చర్చ జరిగినా ప్రయోజనం లేదు. ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన రోజు ఆ తరగతిని ఎవరు చూడాలో ముందే తేల్చి పెట్టడం కూడా పిల్లల చదువును కాపాడటమే. కాగితం పని మంచిదా చెడ్డదా అని వాదించడం అనవసరం. ఏ కాగితం పిల్లల దాకా చేరుతుంది, ఏది బీరువా దాకా మాత్రమే చేరుతుంది అని చూడాలి.

అలాంటి కాగితాల్లో అన్నిటికంటే బరువైనది టైమ్‌టేబుల్. బయటివారికి అది ఒక గళ్ళ పట్టిక. నిజానికి ఏడాది పొడవునా ఏ పిల్లలకు ఎవరు దక్కుతారో నిర్ణయించే పత్రం అది. పబ్లిక్ పరీక్షల ఒత్తిడి ఉన్న చోట సహజంగా జరిగేదేమిటంటే, మంచి పేరున్న ఉపాధ్యాయులను పరీక్షలుండే పై తరగతులకు కేటాయిస్తారు. అనుభవం లేనివారు, ఎవరికీ అక్కరలేనివారు చిన్న తరగతులకు మిగిలిపోతారు. గ్రిసమ్, దెమెట్రా కాలోగ్రిడెస్, లోబ్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో మయామీ-డేడ్ బడుల్లో ఇదే ధోరణి కనబడింది. బలహీనమైన ఉపాధ్యాయులను తొలి తరగతులకు మార్చడం వల్ల ఆ పిల్లల చదువు దెబ్బతిందని, ఆ నష్టం తరవాతి తరగతుల దాకా వెంటాడిందని వారు గుర్తించారు. ఈ విషయంలో మొహమాటం అక్కరలేదు. పదో తరగతి ఫలితాల బోర్డు కోసం ఒకటో తరగతిని బలిపెట్టడం నాయకత్వం కాదు. చదవడం రాని పిల్లవాడు నాలుగో తరగతి నుంచి ప్రతి సబ్జెక్టులోనూ వెనకబడతాడు. తరవాత ఎంత మంచి గణిత ఉపాధ్యాయుడు వచ్చినా, లెక్కలోని వాక్యమే చదవలేని పిల్లవాడికి ఏం చెప్పగలడు? చదవడం నేర్పడంలో చేయి తిరిగిన వ్యక్తిని ఒకటి, రెండు తరగతుల్లో నిలబెట్టి, అక్కడి నుంచి కదపనని చెప్పగల ప్రధానోపాధ్యాయులు ఐదేళ్ల తరవాతి ఫలితాలను ఇప్పుడే నిర్ణయిస్తున్నారు. దురదృష్టం ఏమిటంటే ఆ ఫలితాలు వచ్చే వేళకు వారు ఆ బడిలో ఉండరు.

పైన చెప్పిన బల్ల చుట్టూ చర్చ జరగాలంటే ముందుగా కావాల్సింది ఇంకొకటి ఉంది. "నా తరగతిలో సగం మందికి రాలేదు" అని ఒక ఉపాధ్యాయురాలు తన తోటివారి ముందు చెప్పగలగాలి. ఆ మాట రేపు తన రహస్య నివేదికలోకి ఎక్కుతుందన్న భయం ఉంటే ఎవరూ చెప్పరు. మంచి మార్కులు వచ్చిన పుస్తకాలే బల్ల మీదకు వస్తాయి, మిగిలినవి సంచిలోనే ఉండిపోతాయి. షికాగో నగర ప్రాథమిక పాఠశాలలను 1990లలో ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ ఈ నమ్మకాన్ని కొలిచే ప్రయత్నం చేశారు. 2002లో వారు వెల్లడించిన ప్రకారం, సిబ్బంది మధ్య పరస్పర విశ్వాసం బలంగా ఉన్న బడుల్లో రెండింటిలో ఒకటి గణితంలో, చదవడంలో మెరుగుపడే అవకాశం ఉంటే, విశ్వాసం బలహీనంగా ఉన్న బడుల్లో ఆ అవకాశం ఏడింటిలో ఒకదానికే ఉంది. విశ్వాసం అంటే స్టాఫ్ రూమ్‌లో నవ్వుతూ మాట్లాడుకోవడం మాత్రమే కాదు. ఎదుటివారి మాట వినడం, వ్యక్తిగత కష్టాన్ని పట్టించుకోవడం, తన పని తాను చక్కగా చేయడం, చెప్పిన మాట మీద నిలబడటం అని వారు దాన్ని వివరించారు. ఏళ్ల తరబడి పాఠం చెప్పకుండా కాలం గడుపుతున్న ఉపాధ్యాయుడిని ఏమీ అనకుండా వదిలేసే ప్రధానోపాధ్యాయులు మంచివారన్న పేరు తెచ్చుకుంటారేమో గానీ, కష్టపడి పనిచేసే మిగతావారి నమ్మకాన్ని మాత్రం పోగొట్టుకుంటారు.

ఇదంతా ప్రధానోపాధ్యాయుల వ్యక్తిగత గుణాల మీదే వదిలేయడం పైవారికి చాలా సుఖం. "మంచి హెడ్మాస్టర్ ఉంటే బడి బాగుపడుతుంది" అని చెప్పి ఊరుకుంటే వ్యవస్థ చేయాల్సిన పని ఏమీ మిగలదు. నికొలస్ బ్లూమ్, రెనాటా లెమోస్, రఫెల్లా సాడున్, జాన్ వాన్ రీనన్ ఎనిమిది దేశాల్లో 1,800కు పైగా హైస్కూళ్ళ నిర్వహణ తీరును పోల్చి చూసి 2015లో ఫలితాలు ప్రచురించారు. నిర్వహణ బాగున్న బడుల్లో పిల్లల ఫలితాలూ బాగున్నాయి. ప్రభుత్వ నిధులతో నడుస్తూనే సొంతంగా నిర్ణయాలు తీసుకునే వెసులుబాటు ఉన్న బడులు మెరుగ్గా నిలిచాయి. ఎవరిని ఏ పనికి వాడుకోవాలో, ఉన్న కాస్త నిధిని దేనికి ఖర్చు చేయాలో నిర్ణయించే వీలు లేని చోట, జవాబుదారీతనం ఒక్కటే ప్రధానోపాధ్యాయుల మెడకు చుట్టడం న్యాయం కాదు.

శిక్షణ సంగతీ అంతే. చాలా వ్యవస్థల్లో బాగా పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఒకనాడు సీనియారిటీ వల్ల హెడ్మాస్టర్ అవుతాడు. పిల్లలకు నేర్పడం తెలిసినంత మాత్రాన పెద్దలకు నేర్పడం, తగువులు తీర్చడం, లెక్కలు చూడటం వచ్చేయవు. సింగపూర్‌లో ప్రిన్సిపాల్ కాబోయేవారిని కొన్ని నెలల పాటు ఇతర పనులన్నీ పక్కన పెట్టించి జాతీయ విద్యా సంస్థలో తయారు చేస్తారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో రోలండ్ ఫ్రయర్ చేసిన ప్రయోగంలో ప్రిన్సిపాళ్ళకు రెండేళ్లలో 300 గంటల శిక్షణ ఇచ్చారు. పాఠ ప్రణాళిక, పిల్లల పరీక్షల సమాచారాన్ని చదవడం, ఉపాధ్యాయులను గమనించి సలహా ఇవ్వడం అందులో ముఖ్యాంశాలు. మొదటి ఏడాదే పిల్లల ఫలితాలు మెరుగుపడ్డాయి. బడిలో నిలకడగా ఉండే ప్రిన్సిపాళ్ళ దగ్గర లాభం ఎక్కువగా కనబడింది. ఈ చివరి మాటను బదిలీల జాబితా తయారు చేసేవారు గమనించాలి. రెండేళ్లకొకసారి మారిపోయే ప్రధానోపాధ్యాయులు ఏ నమ్మకాన్నీ పూర్తిగా కట్టలేరు.

దీనికి ఎదురుగా మధ్యప్రదేశ్ అనుభవం ఉంది. అక్కడ పాఠశాలల మెరుగుదల కార్యక్రమాన్ని కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్ పరిశీలించి 2020లో ఫలితాలు వెల్లడించారు. ప్రతి బడినీ అంచనా వేశారు, రేటింగు ఇచ్చారు, ఆ బడికే ప్రత్యేకంగా మెరుగుదల ప్రణాళిక రాయించారు, ఆ తరవాత అధికారుల సందర్శనలూ ఏర్పాటు చేశారు. పత్రాలన్నీ దాదాపు పూర్తయ్యాయి. కానీ బోధనలో మార్పు లేదు, ఉపాధ్యాయుల హాజరులో మార్పు లేదు, పిల్లల చదువులో మార్పు లేదు. ఆ ప్రణాళికలు రాసినవారిలో శ్రద్ధ లేదనడం సరికాదు. పత్రం పూర్తి కావడమే పై నుంచి కింది దాకా అందరూ కొలిచిన ఫలితం. కొలిచింది పూర్తయింది, కొలవనిది ఉన్నచోటే ఉంది.

కాబట్టి మార్పు మొదలయ్యే చోట్లలో ఒకటి తనిఖీకి వచ్చే అధికారి అడిగే ప్రశ్న. ఇప్పటిదాకా వారు వచ్చిన వెంటనే అడిగేవి రిజిస్టర్లు, నివేదికలు, ఖర్చుల వివరాలు. కనుక ప్రధానోపాధ్యాయులు కూడా తమ రోజంతా వాటికే ఖర్చు పెడతారు, అది సహజం. అదే అధికారి వచ్చిన ప్రతిసారీ మొదటగా ఇలా అడిగితే సంగతి వేరు. గత నెలలో ఏ తరగతిలో ఏ అంశం పిల్లలకు రాలేదని మీకు తెలిసింది? ఎలా తెలిసింది? తెలిశాక బోధనలో ఏం మార్చారు? మార్చాక మళ్ళీ చూశారా? ఈ నాలుగింటికి జవాబు కావాలంటే ఉపాధ్యాయులతో కూర్చోక తప్పదు, నోటు పుస్తకాలు తెప్పించుకోక తప్పదు. వాటికి సమయం కావాలంటే కొన్ని నివేదికలను ఆ అధికారే మాఫీ చేయాల్సి వస్తుంది. ఏ నివేదికలను మాఫీ చేయాలో ప్రధానోపాధ్యాయులను అడిగితే, ఎక్కువమంది జాబితాతో సిద్ధంగా ఉంటారు.